మంత్రసాని బడి

వైశాలి నగర్, భిలాయి
జులై 14

ఒరే నరసింగం,

నేను చెప్పింది మంత్రసాని బడి కాదు, మాంటిస్సోరి బడి. ఫోనులో ఎన్నిసార్లు చెప్పినా నువ్వు "ఆరేళ్ళ పిల్లకి మంత్రసానితో పనేటే అక్కా" అని అరుస్తూనే ఉన్నావు. మా పక్కింటావిడ కూడా గోడ అవతలి నుంచి విన్నది. ఆవిడకి తెలుగు రాదు కాబట్టి పరువు దక్కింది. రైలు ఇంజన్ల మధ్య ఉద్యోగమంతా గడిపిన నీ చెవులతో ఇక నేను పోటీ పడలేను. ఇకమీదట ఉత్తరాలే. కాగితం మీద నువ్వు తప్పు వినడానికి వీల్లేదు. తప్పు చదివావంటే అది నీ చదువు లోపం.

ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు. నా మనవరాలు నిహారికని ఆ బళ్ళో వేసింది నేనే. మా జితేంద్రకి ఇష్టం లేదు. కోడలు మధులత ఎటూ చెప్పలేదు, అంటే నా పక్షమే. బడి అంటే మా వీధి చివర మేడ మీద రెండు గదులు. నడిపేది నీలిమ. నేను తెలుగు చెప్పిన ప్లాంటు వాళ్ళ స్కూల్లో పిల్లలు చాలక తెలుగు సెక్షన్ మూసేశారు చూడు, ఆ ఆఖరి బ్యాచ్‌లో నా ఎదుట కూర్చుని హిందీలో ఆలోచించిన పిల్ల. ఇప్పుడు అందరికీ దీదీ.

అక్కడ గంట లేదు, ర్యాంకు లేదు, హోంవర్కు లేదు. ఫీజు మాత్రం ఉంది. పిల్ల తనకి కావలసిన పని అలమరలోంచి తనే తీసుకుంటుంది, చాప పరుచుకుని చేస్తుంది, అయ్యాక ఎక్కడిదక్కడ పెడుతుంది. చేసేదాన్ని ఆట అనకూడదట, పని అనాలట. మొదటి రోజు నిహారిక ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ "నానమ్మా, డ్యూటీ అయిపోయింది" అంది. స్టీలు ప్లాంటు ఊళ్ళో పుట్టిన పిల్ల. పనికి దానికి తెలిసిన మాట అదే.

జితేంద్ర సంగతి నీకు తెలుసు. రైల్ మిల్లులో పట్టాలు పరీక్ష చేసి ముద్ర వేసే మనిషి. ముద్ర పడనిది వాడి దృష్టిలో సరుకే కాదు. "మార్కుల్లేకపోతే చదువొచ్చిందని ఎలా తెలుస్తాదమ్మా" అంటాడు. చివరికి రాజీ కుదిరింది. వచ్చే మార్చి లోపల పిల్ల తనంతట తాను నాలుగు మాటలు రాసి చూపించాలి, ఏ భాషైనా సరే. చూపించకపోతే పక్క ఊరు దుర్గ్‌లో పెద్ద స్కూలు. అప్పుడే ఫారం తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాడు. మంచినీళ్ళ సీసా తీసినప్పుడల్లా అది నన్ను చూస్తుంది.

మరదలు దుర్గని అడిగానని చెప్పు.

అక్క
సత్యలక్ష్మి


పార్వతీపురం
ఆగస్టు 3

అక్కకి నమస్కారం.

మాంటిస్సోరి. నాలుగుసార్లు రాసి చూసుకున్నాను. నోటికి మంత్రసానే సుఖంగా ఉంది.

నా చెవులకేం ఢోకా లేదు. ఈ మధ్య మనుషులే గొణగడం నేర్చుకున్నారు. దుర్గ గొణుగుతోంది, టీవీ గొణుగుతోంది, పాలవాడు కూడా నేర్చుకున్నాడు. నువ్వు కొనిపించిన చెవి మెషీను బీరువాలో క్షేమంగా ఉంది.

చాప పరుచుకుని, చేసిన పని మళ్ళీ సర్ది పెట్టే పిల్ల మన వంశంలో ఇంతవరకు పుట్టలేదు. ఆ లెక్కన బడి మంచిదే అయ్యుండాలి. అయితే జితేంద్ర మాటలోనూ న్యాయం ఉంది. బండి ఏ స్టేషను దాటిందో తెలియకుండా ఎంతసేపని ప్లాట్‌ఫాం మీద నిలబడతాడు?

ఒక్క సంగతి అడగాలి. పోయిన ఆదివారం నిహారిక ఫోనులో నన్నేదో అడిగింది. గొంతు ముద్దుగా ఉంది. నేను "అవునమ్మా, అవును" అన్నాను. ఫోను పెట్టేసింది. తర్వాత ఎప్పుడు చేసినా మధులతే ఎత్తుతోంది, పిల్ల రావడం లేదు. పిల్ల ఏమడిగింది?

తమ్ముడు
నరసింగరావు


వైశాలి నగర్
సెప్టెంబరు 8

నరసింగం,

పిల్ల అడిగింది ఇది: "తాతా, నా మీద గుస్సానా?" నువ్వు అవునన్నావు. ఒకసారి కాదు, రెండుసార్లు.

అంతకు ముందు వారం అది ఫోనులో పాట పాడితే నువ్వు ఒక్క మాటా అనలేదట. నీకు వినపడి ఉండదు. అందుకే అడిగింది. తాతకి కోపం లేదమ్మా, చెవి సరిగ్గా వినపడదు అని నేనూ మధులతా చెప్పి చూశాం. "కాదు, తాత ఖుద్ బోలా" అంటుంది. తాతే అన్నాడట. నోటి నుంచి వచ్చిన మాట నిజమని నమ్మే వయసు. నీ అబద్ధాలు నీకు ఎక్కడ తిరిగొచ్చాయో చూశావా?

అయితే కాగితం మీద రాసి అడుగు, తాతకి కాగితం బాగా వినపడుతుంది అన్నాను. దాని ముఖం వెలిగింది. నువ్వు చదివేది తెలుగే కనక తెలుగులోనే రాస్తానంది. జితేంద్ర అడిగిన నాలుగు మాటలు నీకే రాస్తుందన్నమాట. నాకు లోపల్లోపల సంబరంగానే ఉండింది.

పెన్సిలు తీసి "తాత" అని రాసింది. రాసి, రెండు అక్షరాల నెత్తి మీదుగా ఈ చివర నుంచి ఆ చివరికి ఒక గీత లాగింది, హిందీకి లాగినట్టు.

ఇక్కడి తెలుగు పిల్లలందరికీ ఉన్న జబ్బే. హిందీ ముందొస్తుంది, తెలుగు దాని వెనక చెప్పులేసుకుని వస్తుంది. తెలుగు అక్షరాలు ఆరేసిన బట్టల్లా తాడుకి వేలాడుతుంటాయి. ఉద్యోగమంతా ఆ గీతల్ని కొట్టేశాను. అలవాటుగా ఎర్ర పెన్ను తీసి కొట్టేశాను. మళ్ళీ రాసింది, మళ్ళీ గీత లాగింది. మళ్ళీ కొట్టేశాను. అప్పుడు పెన్సిలు డబ్బాలో పెట్టి మూత వేసి, చాప చుట్టి గోడకి ఆనించి, "డ్యూటీ ఖతం" అంది.

ఆ రోజు నుంచి ఒక్క అక్షరం రాయలేదు. తెలుగే కాదు, హిందీ కూడా లేదు. బళ్ళో కూడా రాత అలమర వైపు వెళ్ళడం లేదని నీలిమ చెప్పింది. ఫ్రిజ్ మీద ఫారం అలాగే ఉంది.

తెలుగుకి గీత లేదు. నేను చేసినదాంట్లో తప్పేమిటో నాకు కనబడటం లేదు. నీకు కనబడితే రాయి.

దసరాకి నువ్వూ దుర్గా రండి. ఎదురుగా కూచుంటే పిల్లకి నమ్మకం కలుగుతుంది.

అక్క


పార్వతీపురం
అక్టోబరు 1

అక్కకి,

గుస్సా మాట చదివాక ఆ పూట అన్నం సయించలేదు. పిల్ల పాట పాడిందా? ఏ పాట?

తెలుగుకి గీత లేదు, నిజమే. పిల్ల ఎందుకు గీసిందో అడిగావా? నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, అడిగినట్టు ఎక్కడా లేదు.

సిగ్నలు ఇచ్చేవాడు సిగ్నలు ఇస్తాడు. బండి కదలడం ఆలస్యమైందని కేబిన్ దిగొచ్చి ఇంజన్ని తోయడు. నువ్వు చిన్నప్పటి నుంచీ తోసే రకానివి. నా కాపీ పుస్తకాల నిండా నీ ఎర్ర సిరా. మేష్టారు దిద్దడానికి చోటుండేది కాదు.

దసరాకి రాలేను. మోకాలు నొప్పి. ఎక్కువ దూరం కూర్చోలేకపోతున్నాను.

నరసింగరావు

వదినగారూ, కవరు అంటించమని నా చేతికిచ్చారు గనక ఇంత చోటులో రాస్తున్నాను. మోకాలికేం నొప్పి లేదు, రాయిలా ఉంది. పోయిన నెల విజయనగరం వెళ్ళాలని స్టేషనుకెళ్ళి, అనౌన్స్‌మెంటు వినపడక ఎదురు దిక్కు బండెక్కి రాయగడలో దిగారు. జీవితమంతా రైళ్ళు నడిపిన మనిషి. అప్పట్నుంచి వీధి గేటు దాటడం లేదు. పెళ్ళిళ్ళకీ రారు. నేను చెప్పానని అనకండి. — దుర్గాదేవి


వైశాలి నగర్
డిసెంబరు 11

నరసింగం,

మోకాలికి నూనె రాస్తున్నావా? బాగా రాయి. రాయిని కూడా కరిగిస్తుందంటారు.

బడి నుంచి రిపోర్టు వచ్చింది. మూడు భాగాలు. పిల్ల నడవడిక ఎలా ఉంది, చదువు ఎందాకా వచ్చింది, ఇక ఏం మెరుగుపడాలి. నడవడిక దగ్గర ఇలా రాసింది నీలిమ: ఒక చిన్నపిల్ల నీళ్ళు ఒలకబోస్తే నిహారిక గుడ్డ తెచ్చి ఆ పిల్ల పక్కన పెట్టి వెళ్ళిపోయిందట. తను తుడవలేదు, ఎవరికీ చెప్పలేదు, నవ్వలేదు. ఈ గుణం మా ఇంట్లో ఎవరికీ లేదు కాబట్టి బళ్ళోనే అబ్బి ఉండాలి. చదువు దగ్గర, పూసల దండలతో వేలల్లో కూడికలు చేస్తోందని ఉంది. రాత దగ్గర ఒకటే మాట: ఆగింది.

మూడో భాగంలో పిల్ల పేరు లేదురా. నా పేరుంది. "నానమ్మగారు, పాప రాసేటప్పుడు చేతులు వెనక పెట్టుకోవడం అభ్యాసం చేయాలి."

కడిగేద్దామని వెళ్ళాను.

"ఏటమ్మా నీలిమా, డెబ్భై దాటాక నాకు ప్రోగ్రెస్ కార్డా?"

"తప్పు కనబడితే దాచకూడదని మీరే నేర్పారు మేడమ్."

"తెలుగుకి గీత లేదు."

"లేదు మేడమ్. పాప ఎందుకు గీస్తందో అడిగారా?"

నీ ప్రశ్నే. ఇద్దరూ కూడబలుక్కున్నారేమోనని అనుమానం వచ్చింది. నీకు ఫోనులో కూడబలుక్కోవడం కుదరదని గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఇంటికెళ్ళి అడిగాను. నిహారిక నన్ను జాలిగా చూసింది. "గీత లేకపోతే అక్షరాలు గిర్ జాయేంగే నానమ్మా. బస్సులో కడ్డీ పట్టుకోకపోతే పడిపోతాం కదా, అలాగ." అంటే తాత పేరు కింద పడకుండా కడ్డీ వేసింది. నేను ఎర్ర సిరాతో ఆ కడ్డీ విరగ్గొట్టాను, రెండుసార్లు.

మర్నాడు నీలిమకి చెప్తే అయ్యో అనలేదు, నేనన్నానా అనలేదు. చెక్క పలకల మీద గరుకు కాగితంతో కోసి అంటించిన హిందీ అక్షరాలు చూపించింది. పిల్లలు రెండు వేళ్ళతో వాటి మీద రాసినట్టే తడుముతారు. అక్షరం ముందు వేలికొస్తుంది, తర్వాత పెన్సిలుకి. "తెలుగువి లేవు మేడమ్. కోసేవాళ్ళు లేరు. మీరు చేస్తారా?" అంది. చేతులు వెనక పెట్టుకోమన్న మనిషే చేతులకి పని చెప్పింది. ఆవిడ తెలివి నాకు అప్పుడు అర్థమైంది.

ఆ కాగితాన్ని ఇక్కడ రేగ్‌మాల్ అంటారు. మన వైపు ఉప్పు కాగితం అంటాం కదా, ఆ మాటే అన్నాను. నిహారిక వెంటనే నాకి చూసింది. "ఝూఠ్ నానమ్మా. ఉప్పు లేదు." ఇన్నేళ్ళుగా ఆ మాట వాడుతున్నాను, నాకి చూడాలని నాకెప్పుడూ తోచలేదు. చదువుకున్నది ఎవరో నువ్వే చెప్పు.

మొదటి పెట్టె పూర్తయ్యాక బళ్ళో చాప మీద పెట్టాం. నేను గోడ పక్కన నిలబడ్డాను, చేతులు వెనక, వేళ్ళలో వేళ్ళు మెలేసుకుని. నిహారిక కళ్ళు మూసుకుని హిందీ "త" తడిమింది. తర్వాత తెలుగు "త". మళ్ళీ హిందీ. మళ్ళీ తెలుగు. పైన ఎక్కడైనా కడ్డీ తగులుతుందేమోనని పలక అంచు దాకా వెతికింది. నా నోట్లో మాట నా నోట్లోనే ఉడికిపోయింది.

కళ్ళు తెరిచి, నాతో కాదు, నీలిమతోనూ కాదు, ఆ పలకతో అంది: "నువ్వు నిలబడలేదు. కూచున్నావు. సీటు దొరికింది."

అందుకే కడ్డీ అక్కర్లేదట. హిందీ అక్షరాలు నిలబడి ప్రయాణం చేస్తాయి, తెలుగువి గుండ్రంగా కూచుని చేస్తాయి. ఎమ్మే చదివాను. ఇది నాకెవరూ చెప్పలేదు.

రాత ఇంకా మొదలవలేదు. రోజూ తడుముతోంది, అంతే.

ఇంకోటి. బళ్ళో ఒక ఆట ఉంది. పిల్లలందరూ చప్పుడు లేకుండా కూర్చుంటారు. నీలిమ పక్క గదిలోకెళ్ళి ఒక్కొక్కళ్ళ పేరూ గుసగుసగా పిలుస్తుంది. పేరు వినపడ్డవాళ్ళు చప్పుడు కాకుండా లేచి వెళ్ళాలి. మొన్న అన్నం తింటూ నిహారిక అడిగింది: "ఈ ఆటలో తాత ఉంటే ఎలాగ? అందరూ వెళ్ళిపోతారు. తాత ఒక్కడే చాప మీద ఉండిపోతాడు." తర్వాత ముద్ద మింగలేదు.

అక్క


పార్వతీపురం
జనవరి 19

అక్కా,

మోకాలి నూనె దగ్గరే అర్థమైంది దుర్గ చెప్పేసిందని. దాన్నేం అనలేదు.

నీ ఉత్తరం ఆ ఆట దగ్గర ఆగిపోయాను. రాయగడ ప్లాట్‌ఫాం మీద బెంచీలో కూర్చున్నాను ఆ రోజు. మైకులో ఏదో చెప్తారు, కొంతమంది లేస్తారు. మళ్ళీ చెప్తారు, ఇంకొంతమంది. ఎవరినైనా అడగొచ్చు. అడిగితే చెప్పింది వినపడాలి కదా. సాయంత్రానికి బెంచీ మీద నేనూ ఒక మేకా మిగిలాం. తర్వాత తెలిసిన గార్డు చూసి బండెక్కించాడు. పిల్ల ఇవన్నీ చూడకుండానే చెప్పేసింది.

మెషీను పెట్టుకుంటే గిన్నె చప్పుడు కూడా బండి గుద్దినట్టుంటుంది. రెండు రోజులు పెట్టుకుని తీసేశాను.

పిల్లని తొందర పెట్టకు. రాయకపోతే పోనీ. నాకు కోపం లేదని నువ్వే ఎలాగో చెప్పు. ఆ నీలిమకి నా నమస్కారాలు.

నరసింగరావు


వైశాలి నగర్
మార్చి 9

నరసింగం,

కోపం లేదని నన్ను చెప్పమన్నావు. నేను చెప్పను. నీ నోటితో అన్న మాట, నీ నోటితోనే వెనక్కి తీసుకోవాలి. దానికి అవకాశం ఈ కవరులోనే ఉంది. ఇది చదివాక తియ్యి, ముందు తియ్యకు. ముందే తీసి ఉంటావు, నాకు తెలుసు.

శనివారం బడి నుంచి వచ్చి, చెప్పులు విప్పి, ఎవరూ అడగకుండా చాప పరుచుకుంది. పెన్సిలు తీసింది. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. చేతులు వెనక్కి వెళ్ళిపోయాయి, ఇప్పుడు వాటంతట అవే వెళ్తున్నాయి. గాల్లో రెండు వేళ్ళతో ఒకసారి రాసుకుంటుంది, తర్వాత కాగితం మీద. కుక్కర్ కూత వేస్తుంటే ఆపడానికి కూడా నేను కదల్లేదు. ఆ రోజు పప్పు మాడింది. అందరూ అదే తిన్నారు.

రాసింది ఇది:

"నర్సిం తాతా నీ పేరు పిలిచ్చాను లేచి రా నాకు గుస్సా లేదు"

"పిలిచాను"లో చకారానికి ఒత్తు ఎక్కువైంది. చుక్కా కామా ఏమీ లేవు. అలాగే పంపుతున్నాను. ఇంకో సంగతి, ఎక్కడా గీత లేదు, ఒక్క "తాతా" మీద తప్ప. దాని మీద మాత్రం బలంగా లాగింది. ఎందుకమ్మా అని అడిగాను, ఈసారి అడిగాను. "మిగిలినవి కూచున్నాయి నానమ్మా. తాత దూరం నుంచి రావాలి కదా, కడ్డీ పట్టుకోవాలి" అంది. ఎర్ర పెన్ను ఎక్కడుందో నాకు తెలియదు. వెతకలేదు.

జితేంద్ర డ్యూటీ నుంచి వచ్చాక కాగితం వాడి చేతిలో పెట్టింది. వాడు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఇంగ్లీషు మీడియంలో చదివినవాడు, తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. పట్టాలకి ముద్ర వేసే మనిషికి తన ఇంటి సరుకు మీద అక్షరం తెలియలేదు. నేను నోరు తెరవబోయి మూసుకున్నాను. నిహారిక వాడి చూపుడు వేలు పట్టుకుని ఒక్కో అక్షరం మీదా పెట్టి చదివించింది. "ఇది త, పప్పా. కూచుంది చూడు." చివరికొచ్చేసరికి వాడు గొంతు సవరించుకుని, ఫర్నేసు దుమ్మని ఏదో అన్నాడు. వాడు పనిచేసేది ఫర్నేసు దగ్గర కాదు.

మర్నాడు మంచినీళ్ళ సీసా తీస్తే ఫ్రిజ్ మీద ఫారం లేదు. బళ్ళో వచ్చే ఏటికి పేరు రాయించి వచ్చానని మధులతతో చెప్పాడట. నాతో మాత్రం "ఆ ఉప్పు కాగితం పెట్టె ఒకసారి ఇంటికి తెస్తావేటి అమ్మా" అన్నాడు. రాత్రి భోజనాలయ్యాక తండ్రీ కూతురూ చాప మీద కూర్చుని తడుముకుంటున్నారు. "అ" దగ్గర వాడికంటే పిల్లే మెరుగు.

నీలిమకి మంచి మాట చెబుదామని వెళ్ళాను. నాకు తిట్టడం వచ్చినంత సులువుగా పొగడటం రాదు, నీకు తెలుసు. కాసేపు ఎండ గురించి మాట్లాడాను. చివరికి, "నా చేతులు కట్టేసినందుకు నీకు రుణపడి ఉంటానమ్మా" అన్నాను. ఆవిడ కంగారుపడి, వచ్చే ఏడు బడి ఏం మెరుగుపడాలో మీరే చెప్పండి మేడమ్ అంది. గుణింతాల పెట్టె లేదు, నేను చేస్తాను అన్నాను. ఇంకా ఏమైనా ఉందా అంది. మెట్ల దగ్గర చేతికర్ర పెట్టుకునే చోటు లేదు అన్నాను. రాసుకుంది. నిజంగా రాసుకుంది.

నువ్వు మంత్రసాని బడి అన్న సంగతి కూడా చెప్పాను, నవ్విద్దామని. ఆవిడకి ఆ మాట తెలియదు, అర్థం అడిగింది. "కాన్పు చేయించే మనిషి. కనేది తల్లి, పుట్టేది బిడ్డ. మంత్రసాని చేతులు కడుక్కుని పక్కన కూర్చుంటుంది. అవసరమైతేనే ముట్టుకుంటుంది" అని చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయాను. నీలిమ చాప మీద పడున్న పూసలు ఏరుతోంది.

కాబట్టి జులైలో నిన్ను దిద్దిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు విన్నదే సరైనది. నీ చెవులు బాగున్నాయనడానికి దీన్ని సాక్ష్యంగా వాడుకోకు.

దుర్గకి విడిగా రాశాను, టిక్కెట్ల సంగతి అది చూసుకుంటుంది. నిహారిక దుర్గ్ స్టేషనుకి వస్తుంది. నిన్ను చూడగానే పేరు పిలుస్తుంది, గుసగుసగానే పిలుస్తుంది. గట్టిగా పిలవమని చెప్పి చూశాను. ఆటకి రూలు అదేనంది.

అందుకని రేపు పొద్దున్నే ఒక పని చెయ్యి. బీరువాలోంచి ఆ చెవి మెషీను తీసి, దుర్గని వెంటబెట్టుకుని మెయిన్ రోడ్డు మీద మందుల కొట్టుకెళ్ళు. పాత బ్యాటరీ చూపించి అలాంటిదే అడుగు. కొత్తదాని వెనక చిన్న కాగితం అంటించి ఉంటుంది, అది పీకి కాసేపు గాలి తగలనివ్వు. అప్పుడు పెట్టు. చప్పుడు చిన్నగా పెట్టుకుని రోజుకి కాస్త పెంచు. బ్యాటరీ గూట్లోకి వెళ్ళకపోతే తిప్పి పెట్టి చూడు, తోయకు.

అక్క
సత్యలక్ష్మి